మూగ్ కాదు, మోగ్: బరంపురం, పర్లాకిమిడి స్టూడియోలకు మదర్-32 ఏ మాత్రం పనికొస్తుంది?

మోగ్ కంపెనీ అనలాగ్ సింథసైజర్ మదర్-32 కొనాలనుకునేవాళ్ళు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఇది కీబోర్డు కాదు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. సన్నాయిలో రెండు స్వరాలు కలిపి ఊదలేం కదా, దీంట్లోనూ అంతే. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇళ్ళలో నడిచే చిన్న స్టూడియోల్లో పొద్దున చర్చి పాట, మధ్యాహ్నం ఒడియా భజన, సాయంత్రం తెలుగు జానపదం రికార్డవుతుంటాయి. ఆ పనంతా ఒక్క పెట్టెతో గడవాలంటే కార్డ్స్ (ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి) పలికే మామూలు కీబోర్డే కొనుక్కోవాలి. మదర్-32 ఇచ్చేది ఒక్క గొంతే. కానీ ఆ గొంతు మన శ్రుతికీ మన గమకానికీ వచ్చినంత దగ్గరికి ఏ కీబోర్డూ రాదు. దీనికి పెట్టే డబ్బంతా ఆ ఒక్కదాని కోసమే.

పేరు సంగతి కూడా చెప్పాలి. తెలుగులో అందరూ 'మూగ్' అని రాస్తున్నారు గానీ, ఈ కంపెనీ పెట్టిన రాబర్ట్ మోగ్ తన ఇంటిపేరును ఇంగ్లీషు మాట 'వోగ్'కు ప్రాస కుదిరేలా పలికేవాడు. మోగే పెట్టెకు మూగ పేరు ఎందుకు? మోగ్ అనే అందాం.

ఇది 2015లో వచ్చింది, అప్పటి ధర అమెరికాలో 599 డాలర్లు. వెడల్పు 60 హెచ్‌పీ. ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు కాబట్టి దాదాపు 30 సెంటీమీటర్లు. కుడివైపు 32 జాకులు: 18 లోపలికి, 14 బయటికి. వాటిలో ఏ వైరూ గుచ్చకపోయినా శబ్దం వస్తుంది, ఎందుకంటే స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ నుంచి దాని పొరలను వడకట్టే ఫిల్టర్‌కు, ఫిల్టర్ నుంచి శబ్దాన్ని పెంచి తగ్గించే వీసీఏకు లోపలే దారి వేసి ఉంది. వైరు గుచ్చితే ఆ దారి తెగి కొత్త దారి పడుతుంది. సెమీ మాడ్యులర్ అంటే ఇదే. ఒక ఆసిలేటర్, తెల్ల నాయిస్, ఒక ఎల్ఎఫ్ఓ (మెల్లగా ఊగే అల), ఎటాక్, డికే నాబులతో సస్టెయిన్ స్విచ్చుతో ఒక ఎన్వలప్ (స్వరం లేచి దిగే తీరును నడిపేది), 32 స్టెప్పుల సీక్వెన్సర్ (స్వరాల వరుసను తనే వాయించేది) ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ల్యాడర్ ఫిల్టర్. దానికి మోగ్ 1969లో పేటెంట్ పొందాడు. ఈ పెట్టె విలువలో సగం దానిదే.

ముందు శ్రుతి. తంబూరా శ్రుతికి మదర్-32ను సిద్ధం చేయడం పది నిమిషాల పని, వేడెక్కడానికి పట్టే పావుగంట కాకుండా. వీసీఏ మోడ్ స్విచ్చును 'ఆన్'లో పెట్టండి, లేకపోతే కీ నొక్కినప్పుడే పలుకుతుంది. వీసీఓ (ఆసిలేటర్) వేవ్‌ను రంపపు పళ్ళ బొమ్మ వైపు మార్చండి. మిక్స్ నాబును పూర్తిగా వీసీఓ వైపు తిప్పండి. వీసీఎఫ్ (ఫిల్టర్) మోడ్ 'లో', రెండు మాడ్ అమౌంట్ నాబులూ సున్నా. కటాఫ్ (ఫిల్టర్ ఎక్కడి నుంచి కోయాలో చెప్పే నాబు) సగం తెరిచి, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, ఫ్రీక్వెన్సీ నాబుతో షడ్జం కలపండి. ఒకటి శ్రుతి అయితే 130.8 హెర్ట్జ్, ఐదున్నర అయితే 207.65 హెర్ట్జ్. సన్నాయి మేళంతో కలిసి రికార్డు చేసేటప్పుడు ఈ అంకెలను నమ్ముకోవద్దు. సన్నాయి శ్రుతి హార్మోనియం మెట్ల మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. సన్నాయి కళాకారుడిని షడ్జం నిలబెట్టమని, దానికి కలపాలి. ఫ్రీక్వెన్సీ నాబు పైకొక స్థాయి, కిందికొక స్థాయి మెట్లు లేకుండా తిరుగుతుంది కాబట్టి ఇది సులువే.

ఇప్పుడు రెజొనెన్స్‌ను (కటాఫ్ దగ్గరి శబ్దాన్ని ఎత్తి చూపే నాబు) గడియారంలో మూడు గంటలు కొట్టే చోటికి తెచ్చి, కటాఫ్‌ను పూర్తిగా దించి, మెల్లగా, చాలా మెల్లగా పైకి తిప్పండి. రంపపు తరంగంలో షడ్జానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతల కంపనాలు అన్నీ దాగి ఉంటాయి. ఫిల్టర్ ముక్కు ఒక్కోదాని మీదికి వచ్చేసరికి అది పైకి లేచి వినిపిస్తుంది. షడ్జం 130.8 అయితే, 392 దగ్గర పై స్థాయి పంచమం లేస్తుంది. ఇంకొంచెం తిప్పితే 523 దగ్గర షడ్జం, 654 దగ్గర అంతర గాంధారం. తంబూరా మీటినప్పుడు ఎవరూ మీటని గాంధారం దానంతటదే వినిపిస్తుంది కదా, స్వయంభూ గాంధారం అంటారు, ఇది అదే. హార్మోనియం గాంధారం కాదు. స్థాయిని 1200 భాగాలు చేస్తే ఒక భాగం సెంటు. హార్మోనియం గాంధారం షడ్జానికి 400 సెంట్ల పైన ఉంటుంది, ఇది 386 దగ్గర. స్థాయికి ఒక వోల్టు లెక్కన ఆ 14 సెంట్ల తేడా వోల్టేజీలో 11 మిల్లీవోల్టుల పైచిలుకు. పాడేవాళ్ళు ఆ తేడాను చెవితో పట్టేస్తారు. కీబోర్డులో శ్రుతి ప్యాడ్ వేసి రికార్డు చేసిన కీర్తనలో గాయని గాంధారం ఎప్పుడూ కాస్త దిగినట్టు వినిపిస్తే, తప్పు గాయనిది కాకపోవచ్చు.

ఆ నాదం ఒకేచోట నిలిచిపోకుండా ఉండాలంటే వీసీఎఫ్ మాడ్ సోర్స్‌ను ఎల్ఎఫ్ఓకు మార్చి, ఎల్ఎఫ్ఓ త్రికోణం, రేటు అడుగున పెట్టండి. ఒక చుట్టు దాదాపు పది సెకన్లు. మాడ్ అమౌంట్‌ను వెంట్రుక వాసి తెరిస్తే చాలు. పంచమం లేచి, గాంధారం లేచి, మళ్ళీ దిగుతుంటాయి. ఎక్కువ తెరిస్తే సినిమాలో దయ్యం వచ్చే ముందు మోత అయిపోతుంది.

ఇక్కడ అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. రెజొనెన్స్ పెంచేకొద్దీ అడుగున ఉన్న షడ్జం పలచబడిపోతుంది. పెట్టె పాడైందని అనుకోనక్కర్లేదు, ల్యాడర్ ఫిల్టర్ స్వభావమే అది. ఫిల్టర్ బయటికి పంపే శబ్దాన్ని తలకిందులు చేసి తిరిగి లోపలికి కలుపుతారు. కటాఫ్ దగ్గర అది స్వరాన్ని బలపరుస్తుంది, అంతకు కింద ఉన్నదాన్ని మాత్రం కొంత చెరిపేస్తుంది. ఈక్వలైజర్‌తో కింది భాగాన్ని లేపడం సరైన మందు కాదు. రెండు టేకులు తీసుకోవడమే మేలు. ఒకటి రెజొనెన్స్ సున్నాలో, కటాఫ్ 300 హెర్ట్జ్ ప్రాంతంలో పెట్టి, వట్టి పునాది. రెండోది పైన చెప్పిన పంచమ గాంధారాల ఆట. అనలాగ్ ఆసిలేటర్ కాబట్టి రెండు టేకుల శ్రుతి వెంట్రుక తేడాతో ఉంటుంది, కలిపితే నెమ్మదిగా అలలు కదులుతాయి. తంబూరాలో జంట సారణి తీగెల మధ్య వినిపించేదీ అదే.

వట్టి శ్రుతి కోసమే అయితే మాత్రం ఇది కొనకండి. రాడెల్ లాంటి ఎలక్ట్రానిక్ తంబూరా పెట్టె చాలు, ధరలో పోలికే లేదు.

ఇక గమకం. చాలామంది ఎల్ఎఫ్ఓను ఆసిలేటర్‌కు కలిపి, స్వరం వణికితే గమకం అనుకుంటారు. అలా వచ్చేది వైబ్రాటో. ఎల్ఎఫ్ఓ స్వరానికి పైకీ కిందికీ సమానంగా ఊగుతుంది. మన కంపితం అలా ఊగదు, రెండు స్వరస్థానాల నడుమ ఊగుతుంది. తోడి గాంధారాన్నే చూడండి, శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. దాన్ని మదర్-32లో సీక్వెన్సర్‌తో చేయాలి. ఒకటి శ్రుతిలో షడ్జం సి అనుకుంటే, రెండు స్టెప్పుల ప్యాటర్న్ వేయండి: మొదటిది సి షార్ప్, రెండోది ఎఫ్. వీసీఏ మోడ్ 'ఆన్'. టెంపో 75 బీపీఎంలో ఒక్కో స్టెప్పు పదహారో వంతు నోటు అయితే 0.2 సెకను, అంటే సెకనుకు రెండున్నర ఊపులు. 120లో నాలుగు ఊపులు. ఇప్పుడు గ్లైడ్ నాబును సున్నా నుంచి మెల్లగా పెంచండి. మొదట మెట్లు మెట్లుగా వినిపించేది గుండ్రబడుతూ జారుడవుతుంది.

గ్లైడ్ ఎక్కువైతే ఏమవుతుందో వినడం కూడా అవసరం. స్వరం పైకి ఎక్కడం పూర్తికాకముందే కిందికి రమ్మని పిలుపు వస్తుంది. ఊపు చిన్నదవుతూ, చిన్నదవుతూ చివరికి నిలిచిపోతుంది. ఎక్కడ నిలుస్తుంది? రిషభం 100 సెంట్లు, మధ్యమం 500, నడిమి 300. అంటే సరిగ్గా సాధారణ గాంధారం మీద, కదలిక లేకుండా. హార్మోనియం మీద తోడి వాయిస్తే వినిపించే గాంధారం అదే. ఆ నిశ్చలమైన గాంధారం నుంచి గ్లైడ్‌ను వెనక్కి తిప్పుతూ వస్తే ప్రాణం పోసుకుంటుంది. ఊపు రిషభ మధ్యమాలను పూర్తిగా తాకకుండా కాస్త ముందే వెనుదిరిగే చోట ఆపండి, గొంతుకు అతి దగ్గరగా ఉండేది అక్కడే.

జారు గమకానికి వేరే పద్ధతి. వీసీఓ మాడ్ సోర్స్ ఈజీ (ఎన్వలప్), డెస్టినేషన్ ఫ్రీక్వెన్సీ, అమౌంట్ కొద్దిగా, ఎటాక్ సున్నా, డికే చిన్నది, సస్టెయిన్ ఆఫ్. ప్రతి స్వరం పై నుంచి జారి తన చోట దిగుతుంది. ఇదే ఎన్వలప్ వీసీఏనూ నడుపుతుంది కాబట్టి, స్వరం తన చోట దిగేసరికి శబ్దం కూడా చచ్చిపోతుంది. వీసీఏ మోడ్ 'ఆన్' చేసి, శబ్దాన్ని తర్వాత కంప్యూటర్‌లో ఫేడ్ చేసుకోవడం ఒక దారి. ఒకే ఎన్వలప్ ఉండటం ఈ పెట్టెకున్న అసలైన లోటు. మోగ్ వాళ్ళు ఇంకొకటి ఇవ్వాల్సింది.

జానపదాలకూ ఊరేగింపు పాటలకూ బేస్ కోసమైతే ఎక్కువ చెప్పక్కర్లేదు, ల్యాడర్ ఫిల్టర్ బేస్ అందరికీ తెలిసిందే. ఒక్క జాగ్రత్త. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో పెద్ద పెట్టెల మీద మోగే పాటకు 41 హెర్ట్జ్ ఇ బాగుంటుంది. అదే పాట యూట్యూబ్‌లో ఫోన్ స్పీకర్ మీద వింటే బేస్ ఉన్నట్టే తెలియదు. ఫోన్ కోసం పల్స్ తరంగం, కటాఫ్ 600 హెర్ట్జ్ పైన, రెజొనెన్స్ తక్కువ. పైన ఉన్న పొరలు వినిపిస్తే చెవి అడుగును ఊహించుకుంటుంది.

ఈ పెట్టెలో పెద్దగా ఎవరూ వాడనిది ఎక్స్‌టర్నల్ ఆడియో జాక్. ధింసాలో మోగే తుడుం, తప్పెటగుళ్ళ దెబ్బ మైకులో పట్టినప్పుడు కింది గుమ్ము రావడం లేదనుకోండి, నకిలీ డ్రమ్ శాంపిల్ అతికించే బదులు ఆ రికార్డింగ్‌నే మళ్ళీ ఈ ఫిల్టర్‌లోంచి పంపండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి శబ్దాన్ని పంపి, తెచ్చే పెట్టె) లైన్ అవుట్ నుంచి ఒక వైపు 6.35, ఇంకో వైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న మోనో కేబుల్, మిక్స్ నాబు ఎక్స్‌టర్నల్ వైపు, వీసీఏ మోడ్ 'ఆన్', కటాఫ్ 150 నుంచి 200 హెర్ట్జ్ మధ్య, రెజొనెన్స్ 11 గంటల దగ్గర. వచ్చిన గుమ్మును అసలు రికార్డింగ్ కింద సన్నగా కలపాలి. ఫోన్ హెడ్‌సెట్ జాక్ నుంచి పంపితే శబ్దం చాలదు. మాడ్యులర్ సింథ్‌ల సిగ్నల్ అటూ ఇటూ కలిపి 10 వోల్టుల దాకా ఉంటుంది, ఇంట్లో సామాన్ల లైన్ లెవెల్ ఒక వోల్టుకు లోపే. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను పూర్తిగా పెంచితే సరిపోతుంది. ఇంకొకటి: పోయి రావడానికి ఆలస్యం పడుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిల్స్ బఫర్ అంటే ఒక వైపే 5.3 మిల్లీసెకన్లు. తిరిగొచ్చిన ట్రాక్‌ను ముందుకు జరిపి దెబ్బకు దెబ్బ కలపకపోతే గుమ్ము పెరగకపోగా ఉన్నదీ పోతుంది.

ఇప్పుడు కరెంటు. మన ప్రాంతంలో ఏ స్టూడియో సామాను సమీక్షకైనా ఇదే గుండెకాయ. మదర్-32లో యూఎస్‌బీ లేదు, అయిదు పిన్నుల మిడి ఇన్ (ఏ స్వరం వాయించాలో చెప్పే సంకేతాలు వచ్చే జాకు) ఒక్కటే ఉంది. దీన్ని లోపంగా రాసినవాళ్ళు చాలామంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళలో మాత్రం ఇది పెద్ద మేలు. యూఎస్‌బీ వైరు ల్యాప్‌టాప్ గ్రౌండ్‌ను సింథ్ గ్రౌండ్‌తో కలిపేస్తుంది. సింథ్ ఆడియో వైరు ఇంటర్‌ఫేస్ ద్వారా మళ్ళీ అదే ల్యాప్‌టాప్ గ్రౌండ్‌కు చేరుతుంది. ఆ చుట్టులో ఛార్జర్ మోత, యూఎస్‌బీ కీచుమనే సన్నటి ధ్వని, 50 హెర్ట్జ్ హమ్ అన్నీ తిరుగుతాయి. మిడి ఇన్‌లో సిగ్నల్ ఆప్టోకప్లర్ గుండా, అంటే వెలుతురుగా మారి దాటుతుంది. రాగి తీగె నేరుగా కలవదు. అందుకని చుట్టు పడదు.

అయినా హమ్ వస్తే వరుసగా ఇలా చూడండి. మొదట ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకండి. హమ్ పోతే పైన చెప్పిన చుట్టే, అంటే గ్రౌండ్ లూప్ అని తేలినట్టే. తర్వాత సింథ్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సింథ్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ నడుమ పెట్టేది) కొని గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. స్పీకర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. హమ్ పోతుంది, షాక్ మిగులుతుంది.

మిడి పోర్టు లేని ఇంటర్‌ఫేస్‌లు ఎక్కువ. స్కార్లెట్ 2ఐ2లో ఉండదు, స్టైన్‌బర్గ్ యూఆర్22సీలో ఉంటుంది. లేనివాళ్ళు యూఎస్‌బీ మిడి కేబుల్ ఒకటి కొనుక్కుంటే నోట్లు పంపడానికి సరిపోతుంది.

పెట్టె నడిచేది 12 వోల్టుల డీసీ మీద, తీసుకునేది దాదాపు 230 మిల్లీయాంపులు. మూడు వాట్లకు లోపే. 2018లో తిత్లీ తుపాను చూసిన గజపతి జిల్లాలో ఈ అంకె విలువ వేరే చెప్పాలా? వైఫై రౌటర్లకు అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దీనికి బాగా సరిపోతుంది. లోపల మూడు లిథియం సెల్లులు, 2000 మిల్లీయాంప్ అవర్లు ఉంటే దాదాపు 22 వాట్ అవర్లు. లెక్కకు దాదాపు ఎనిమిది గంటలు, వాడకంలో ఐదు. కొనే ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, పిన్ను లావు, ధ్రువాల గుర్తు సింథ్‌తో వచ్చిన అడాప్టర్ మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. తేడా ఉంటే గుచ్చొద్దు. రెండు, కరెంటు పోయాక కూడా 12 వోల్టులు నిలవాలి. చవక వాటిలో బ్యాటరీ వోల్టేజీ నేరుగా బయటికి వస్తుంది, 12.6తో మొదలై 9 దాకా జారుతుంది. మల్టీమీటర్ పెట్టి అరగంట చూస్తే తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్ మీద, సింథ్ ఈ చిన్న యూపీఎస్ మీద నడుస్తుంటే మొత్తం గొలుసులో గోడ ప్లగ్గు ఎక్కడా లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డు చేస్తే హమ్ అన్నదే ఉండదు. కరెంటు పోయిన గంటే మంచి టేకుకు అనువైన గంట. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళు సైన్ వేవ్ ఇన్వర్టర్‌నే వాడాలి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ గరగర స్పీకర్లలోకి వచ్చేస్తుంది.

వేడి సంగతి. అనలాగ్ ఆసిలేటర్‌లో స్థాయికి ఒక వోల్టు అన్న లెక్కను నడిపే ట్రాన్సిస్టర్లు ఉష్ణోగ్రతతో మారతాయి. సరిదిద్దే ఏర్పాటు లేకపోతే డిగ్రీకి మూడో వంతు శాతం, అంటే ఒక స్థాయిలో 4 సెంట్లు. ఏర్పాటు ఉన్నా ఎంతో కొంత మిగులుతుంది. మే నెలలో బయట ఎండ, లోపల ఏసీ, పాట మధ్యలో ఏసీ మోత మైకులోకి వస్తోందని ఆపేయడం మనకు అలవాటే. అప్పుడు గది మూడు నాలుగు డిగ్రీలు మారుతుంది, శ్రుతి కదులుతుంది. సింథ్ టేకును గాత్రం కంటే ముందే, ఏసీ నిలకడగా నడుస్తుండగా పూర్తి చేసేయండి. దీనికి మైకు అక్కర్లేదు కదా, ఏసీ మోత బాధా ఉండదు. ఫ్యాన్ గాలి నేరుగా ప్యానెల్ మీద పడకుండా చూసుకోండి.

గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో జాకులకు పొర పడుతుంది. వైరు కదిపితే కరకర, ఒక్కోసారి శ్రుతి తుళ్ళిపడటం దాని గుర్తు. శబ్దం వెళ్ళే వైరులో చెడ్డ కాంటాక్టు కరకరతో సరిపెడుతుంది, శ్రుతి వోల్టేజీ వెళ్ళే వైరులో అయితే స్వరమే తప్పుతుంది. నెలకోసారి 3.5 పిన్నుకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా రాసి ప్రతి జాకులో పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. తుప్పు వదలడానికి తలుపు బందులకు కొట్టే స్ప్రే మాత్రం వాడొద్దు, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి, పక్కన సిలికా జెల్ సంచి పెడితే చాలు.

పెట్టెతో ఐదు ప్యాచ్ వైర్లే వస్తాయి. మొబైల్ షాపులో దొరికే మూడు భాగాల పిన్ను ఉన్న ఆక్స్ వైరు పనిచేస్తుంది. మైకు కోసం నాలుగు భాగాలుగా ఉండే పిన్ను తీసుకోవద్దు, కాంటాక్టు నమ్మకంగా ఉండదు. పిన్ను తొడుగు లావుగా ఉంటే పక్క జాకుకు అడ్డొస్తుంది, ఇక్కడ జాకులు చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ముప్పై సెంటీమీటర్లు మించిన వైరు ప్యానెల్ మీద నాబులన్నీ కప్పేస్తుంది.

సీక్వెన్సర్ మంచిదే గానీ స్నేహంగా ఉండదు. పదమూడు చిన్న బటన్లు, షిఫ్ట్ నొక్కి ఇంకోటి నొక్కే జంటలు, డిస్‌ప్లే లేదు. టెంపో ఎంతో కళ్ళకు కనిపించదు, మిడి క్లాక్ పంపితేనే కచ్చితం. రెండు వారాలు వాడకపోతే సగం మరిచిపోతారు. మాన్యువల్‌లోని ఆ పేజీని ప్రింటు తీసి గోడకు అంటించుకోవడం మేలు. 64 ప్యాటర్న్‌లు దాచుకోవచ్చు, వేసిన వెంటనే సేవ్ చేయండి. నాబుల స్థానాలు మాత్రం ఎక్కడా సేవ్ కావు. ఇది ముఖ్యం: కస్టమర్ వారం తర్వాత వచ్చి అదే శబ్దంతో ఇంకో చరణం వేయమంటే కుదరదు. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే దగ్గరికి వస్తారు, అక్కడికే చేరరు. శబ్దం కుదిరిన రోజే అవసరమైన స్వరాలన్నీ, కాస్త ఎక్కువే, ఆడియోగా రికార్డు చేసి పెట్టుకోవాలి. లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర, లైన్ ఇన్‌పుట్‌లో, మోనో వైరుతో. గిటార్ ఇన్‌పుట్‌లో పెడితే చీలిపోతుంది.

బెహ్రింగర్ కంపెనీ సింథ్ క్రేవ్‌తో పోలిక తప్పదు. జాకులు, సీక్వెన్సర్, ఫిల్టర్ తీరు అన్నీ దీన్ని చూసి చేసినట్టే ఉంటాయి. ప్రకటించినప్పుడు 199 డాలర్లు, అంటే మూడో వంతు. ఆసిలేటర్ 3340 చిప్ రకం, యూఎస్‌బీ ఉంది. పైన చెప్పిన శ్రుతి పద్ధతీ తోడి గాంధారం పద్ధతీ దాంట్లోనూ నడుస్తాయి. నేర్చుకునేవాళ్ళకు అదే సరి. యూఎస్‌బీ వాడకుండా అయిదు పిన్నుల మిడితో నడిపితే హమ్ బాధా తగ్గుతుంది. అయితే దాన్ని తర్వాత యూరోర్యాక్ (మాడ్యులర్ పెట్టెలను పక్కపక్కన బిగించే పద్ధతి) కేసులో బిగించుకోవడం కుదరదు. మదర్-32ను విప్పి 84 హెచ్‌పీ కేసులో పెడితే ఇంకా 24 హెచ్‌పీ మిగులుతుంది, రెండో ఎన్వలప్పూ ఒక మిక్సరూ అక్కడ పడతాయి. కేసు నుంచి కరెంటు తెచ్చే రిబ్బన్ వైరులో ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలన్నది మరవకండి. కోర్గ్ వోల్కా మాడ్యులర్ ఆరు పెన్సిల్ సెల్లుల మీద నడుస్తుంది, కానీ దాని వైర్లు, వోల్టేజీలు వేరు, వీటితో నేరుగా కలవదు.

అసలు మాడ్యులర్ తమకు నప్పుతుందో లేదో తెలియనివాళ్ళు డబ్బు పెట్టే ముందు మాడ్యులర్ సింథ్ సాఫ్ట్‌వేర్ వీసీవీ ర్యాక్ ఉచిత వెర్షన్‌ను కంప్యూటర్‌లో వేసుకుని రెండు నెలలు ఆడండి. ఒక వీసీఓ, ఒక వీసీఎఫ్, ఒక స్ల్యూ లిమిటర్, ఒక సీక్వెన్సర్‌తో ఇక్కడ చెప్పినవన్నీ అక్కడ చేసి చూడొచ్చు. స్ల్యూ లిమిటరే ఇక్కడి గ్లైడ్.

బరంపురం దుకాణాల్లో ఇది అడిగితే దొరికే సరుకు కాదు. భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో తెప్పించాలి, లేదా ఆన్‌లైన్. విదేశం నుంచి తెప్పిస్తే సుంకం, జీఎస్టీ, కొరియర్ రుసుం అన్నీ కలిపిన మొత్తాన్ని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. లోపలి బోర్డులో చిన్న చిన్న ఎస్ఎండీ భాగాలు కాబట్టి టీవీ రిపేరు షాపులో విప్పించడం మంచిది కాదు. జాకు నట్టు బిగించడం వరకు ఎవరైనా చేసుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ అయితే డబ్బు ఇచ్చే ముందు అరగంట అడగండి. పావుగంట వేడెక్కనిచ్చి, ట్యూనర్ పెట్టి, సి స్వరాన్ని మూడు స్థాయిల్లో నొక్కి చూడండి. స్థాయి స్థాయికీ తేడా రెండు మూడు సెంట్లు దాటి ఒకే వైపు పెరుగుతుంటే క్యాలిబ్రేషన్ తప్పింది. రెజొనెన్స్ పూర్తిగా తిప్పితే ఫిల్టర్ దానంతటదే ఈల వేయాలి, వేయకపోతే వదిలేయండి. ప్రతి నాబునూ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి కరకర వినండి. ఒకే వైరుతో 32 జాకులూ ఒక్కోటి గుచ్చి కదపండి. వదులైన జాకు కనిపిస్తే నట్టు బిగించాక మళ్ళీ పరీక్షించండి. స్పానర్ జారి ప్యానెల్ గీసుకోకుండా ముందు నట్టు చుట్టూ మాస్కింగ్ టేపు అంటించండి.